రియాసి లిథియం ఎవరికి దక్కుతుంది, ఏ షేరు కొనాలి?

ప్రశ్న ఇది: "జమ్మూ కశ్మీర్‌లోని రియాసిలో 59 లక్షల టన్నుల లిథియం దొరికిందని 2023లో చెప్పారు. వేలం రెండుసార్లు రద్దయింది. చివరికి దాన్ని ఏ కంపెనీ తవ్వుతుంది? ముందే ఊహించగలిగితే ఆ షేరు ఇప్పుడే కొని పెట్టుకోవచ్చు కదా?"

సూటిగా జవాబు: ఈ ఒక్క నిక్షేపాన్ని చూసి ఏ షేరూ కొనకండి. ఎందుకో లెక్కలతోనే చెబుతాను. ఇదే ప్రశ్న రేపు ఇంకో జిల్లా, ఇంకో ఖనిజం పేరుతో మళ్లీ మీ ముందుకొస్తుంది. అప్పుడు ఎవరినీ అడగకుండా మీరే కాగితాలు తీసి చూసుకోగలగాలి.

మొదట ఆ 59 లక్షల టన్నుల సంగతి. 2023 ఫిబ్రవరి 9న కేంద్ర గనుల శాఖ ప్రకటనలో లిథియం వనరులు 59 లక్షల టన్నులని ఉంది. టీవీల్లో, పేపర్లలో దాన్ని లిథియం లోహంగానే తీసుకుని, టన్ను ధరతో గుణించి లక్షల కోట్ల సంపద అని రాశారు. అదే ఏడాది నవంబరు 29న కీలక ఖనిజాల మొదటి విడత వేలంలో ఈ బ్లాకును, అంటే వేలానికి హద్దులు గీసిన ప్రాంతాన్ని, కూడా పెట్టారు. అప్పుడు బయటికొచ్చిన వివరాల్లో అసలు మాట ఉంది: 59 లక్షల టన్నులు బాక్సైట్ పొర మొత్తం బరువు. అందులో ఉన్న లిథియం లోహం 3,400 టన్నులకు పైచిలుకు. దానితోపాటు టైటానియం 70,000 టన్నులకు పైగా ఉంది. బ్లాకు పేరులోనే లిథియం, టైటానియం, బాక్సైట్ మూడూ కనిపిస్తాయి.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 3,400ను 59,00,000తో భాగిస్తే 0.0576 శాతం, అంటే సుమారు 576 పీపీఎం (పది లక్షల భాగాల్లో 576). ప్రపంచంలో గట్టిరాతి లిథియం గనుల గ్రేడును, అంటే రాయిలో సరుకు ఎంతుందో, లిథియం ఆక్సైడ్ శాతంలో చెబుతారు. లోహాన్ని ఆక్సైడ్‌లోకి మార్చాలంటే 2.153తో గుణించాలి. మనకు వచ్చేది 0.12 శాతం. ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ గనిలో అది 2 శాతం దగ్గర ఉంటుంది. అంటే అక్కడ ఒక టన్ను రాయి ఇచ్చే లిథియం కోసం ఇక్కడ పదహారు టన్నులు తవ్వాలి.

మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది లోహం కాదు, లిథియం కార్బొనేట్. లోహం నుంచి కార్బొనేట్‌కు గుణకం 5.323. 3,400 టన్నులంటే సుమారు 18,100 టన్నుల కార్బొనేట్. టన్ను 12,000 డాలర్లనుకుని, డాలరు 83 రూపాయలుగా లెక్కేస్తే భూమిలో ఉన్న మొత్తం సరుకు విలువ దాదాపు 1,800 కోట్ల రూపాయలు. ఇది ఏడాదికి కాదు, గని జీవితం మొత్తానికి. తవ్వకంలో కొంత పోతుంది, శుద్ధిలో ఇంకొంత పోతుంది. సగం చేతికొచ్చిందనుకుంటే 900 కోట్లు. ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి 45 కోట్ల అమ్మకాలు. లాభం కాదు, అమ్మకాలు. టైటానియం, అల్యూమినా వాటా కలుపుకున్నా ఒక పెద్ద లోహ కంపెనీ బ్యాలెన్స్ షీటులో ఇది కంటికి ఆనే అంకె కాదు. మీరు వెతుకుతున్న "దక్కించుకునే కంపెనీ" పెద్దదైతే షేరు కదలదు. చిన్నదైతే ఖర్చు మోయలేదు. ఈ ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ 3,400 టన్నుల అంకె కూడా ఎంత గట్టిదో చూడాలి. మన దేశంలో అన్వేషణను నాలుగు మెట్లుగా చూస్తారు. జీ4 అంటే పైపై పరిశీలన. జీ3 ప్రాథమిక అన్వేషణ: దూరదూరంగా కొన్ని బోర్లు, కందకాలు తీసి మధ్యలో ఉన్నది అంచనా వేస్తారు. జీ2 సాధారణ అన్వేషణ, జీ1 వివరమైన అన్వేషణ. మెట్టు ఎక్కేకొద్దీ బోర్ల మధ్య దూరం తగ్గుతుంది, అంకె మీద నమ్మకం పెరుగుతుంది. రియాసి వేలానికి వచ్చినప్పుడు జీ3లో ఉంది. జీ3 అంకెతో బ్యాంకు అప్పివ్వదు. జీ2, జీ1 దాకా వెళ్లి, దాని మీద సాధ్యతా నివేదిక తయారైతేగాని వనరు కాస్తా నిల్వ అనిపించుకోదు. వార్తలో "వనరులు" అని ఉందా, "నిల్వలు" అని ఉందా అన్నది మాట పట్టింపు కాదు. ఆ రెండింటి మధ్య కొన్నేళ్లు, కొన్ని వందల కోట్లు ఉంటాయి. కర్ణాటకలోని మండ్య దగ్గర మార్లగల్ల లిథియం విషయంలో మొదట 14,100 టన్నులని వార్తలొచ్చాయి. హైదరాబాద్ బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజాల సంస్థ, ఏఎండీ, తర్వాత చెప్పిన అంకె 1,600 టన్నులు.

ఇక అసలు చిక్కు. చాలామంది మదుపరుల మనసులో ఉన్నది కెనడా, ఆస్ట్రేలియా బొమ్మ: చిన్న కంపెనీ ఖనిజం కనిపెడుతుంది, పెద్ద కంపెనీ వచ్చి దాన్ని కొంటుంది, చిన్న షేరు వంద రెట్లవుతుంది. అక్కడ అది నిజంగానే జరుగుతుంది. 1993లో కెనడాలోని లాబ్రడార్‌లో, వాయిసీస్ బే దగ్గర నికెల్ ఆనవాళ్లు దొరికాయి. ఆ నేల మీద హక్కు డైమండ్ ఫీల్డ్స్ అనే చిన్న కంపెనీది. ఎవరు కొంటారన్న పందెంలో ఫాల్కన్‌బ్రిడ్జ్, ఇన్‌కో (Inco) అనే రెండు పెద్ద నికెల్ కంపెనీలు పోటీపడి, 1996లో ఇన్‌కో దాదాపు 430 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పందం చేసుకుంది. చిన్న కంపెనీ వాటాదారులు బాగుపడ్డారు. కొన్న ఇన్‌కో మాత్రం 2005 దాకా అక్కడినుంచి సరుకు తీయలేకపోయింది. మధ్యలో 2002లోనే ఆ ఆస్తి విలువలో పెద్ద భాగాన్ని లెక్కల్లోంచి కొట్టేసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఆ మొదటి సగం కథ లేదు. రియాసిని కనిపెట్టింది జీఎస్ఐ, ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ. ప్రకటన వచ్చిన రోజున ఆ నేల మీద ఏ ప్రైవేటు కంపెనీకీ గవ్వంత హక్కు లేదు. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని (ఎంఎండీఆర్) సవరించినప్పటి నుంచి ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు వేలంలోనే ఇస్తున్నారు. 2023 సవరణతో లిథియాన్ని అణు ఖనిజాల జాబితాలోంచి తీసేసి, 24 కీలక ఖనిజాల జాబితాలో చేర్చారు. వీటి వేలం నిర్వహించేది కేంద్రం, డబ్బు వెళ్లేది ఆయా రాష్ట్రానికి. కాబట్టి "కనిపెట్టారు" అన్న వార్తతో ఏ షేరుకైనా విలువ పెరగాలంటే చట్టంలో దానికి దారే లేదు. పెరిగిందంటే పెరిగింది ఆశ ఒక్కటే.

ఇందులో ఒక మార్పు మాత్రం గమనించండి. అదే 2023 సవరణలో 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు అని కొత్తది పెట్టారు. దీన్ని గెలిచిన సంస్థ ఖనిజాన్ని వెతికి పెడితే, ఆ బ్లాకును తర్వాత వేలంలో గెలిచినవాడు ప్రభుత్వానికి కట్టే ప్రీమియంలో దానికి వాటా వస్తుంది. ఎవరు తక్కువ వాటాకు ఒప్పుకుంటే లైసెన్సు వారిది. 2025లో తొలి విడత మొదలైంది. ఇది నిలదొక్కుకుంటే కనిపెట్టినవాడికి ఫలితం దక్కే కంపెనీలు మన మార్కెట్లోనూ పుడతాయి. రియాసి మాత్రం ఆ దారిలో లేదు.

వేలం ఎలా నడుస్తుందో తెలిస్తే సగం పుకార్లు వాటంతటవే రాలిపోతాయి. టెండరు పత్రం కొన్నవాడు బిడ్డర్ కాదు. బిడ్డు వేసినవాడు అర్హుడు కాదు. సాంకేతికంగా అర్హత పొందినవారిలో మొదటి ధర ఎక్కువ చెప్పిన సగం మంది, లేదా ఐదుగురు, ఏది ఎక్కువైతే అంతమంది, ఆన్‌లైన్‌లో రెండో రౌండుకు వెళతారు. అక్కడ ఖనిజం విలువలో ఎక్కువ శాతం ప్రీమియంగా ఇస్తానని చెప్పినవాడు ప్రిఫర్డ్ బిడ్డర్, అంటే విజేత. తొలిసారి వేలంలో అర్హులు కనీసం ముగ్గురు లేకపోతే వేలం రద్దు. రెండోసారికి ఆ నిబంధన సడలుతుంది, ఒక్కరున్నా ముందుకెళ్లొచ్చు. రియాసి 2024 మార్చిలో ముగ్గురు లేక రద్దయింది. మళ్లీ పెట్టారు. జులైలో అర్హత గల బిడ్డరే లేక మళ్లీ రద్దయింది. సడలించిన నిబంధనతో కూడా ఒక్కరు నిలబడలేదంటే కంపెనీల ఇంజినీర్లు పత్రం చదివి ఒకే నిర్ణయానికి వచ్చారని అర్థం. మార్కెట్లో తిరిగిన పేర్ల జాబితా కంటే ఈ రద్దు నోటీసే విలువైన సమాచారం.

వాళ్లు ఎందుకు వెనక్కి తగ్గారో ఊహించడం కష్టం కాదు. గ్రేడు తక్కువ. లిథియం స్పాడుమిన్ రూపంలో లేదు, అంటే గట్టిరాతి గనుల్లో మామూలుగా దొరికే లిథియం ఖనిజంగా లేదు. స్పాడుమిన్ అయితే దారి తెలిసిందే: నూరి, తేలుడు పద్ధతిలో 6 శాతం ఆక్సైడ్ కాన్‌సెంట్రేట్ చేసి, 1,050 డిగ్రీల దగ్గర కాల్చి, గంధకామ్లంతో వేయించి, నీటిలో కరిగించి, సోడాయాష్‌తో కార్బొనేట్‌ను దించుతారు. బాక్సైట్, బంకమన్ను పొరలో ఉన్న లిథియానికి అలాంటి నలిగిన దారి లేదు. తేలుడుకు లొంగదు కాబట్టి రాయినంతా ఆమ్లంలో ముంచాలి. ఆమ్లాన్ని అల్యూమినియం, ఇనుము ముందు మింగేస్తాయి. ధర కూడా అప్పటికి పడిపోయింది. చైనాలో టన్ను కార్బొనేట్ 2022 నవంబరులో 6 లక్షల యువాన్ల దాకా వెళ్లి, 2023 ఆఖరుకు లక్ష చుట్టూ చేరింది. శిఖరం దగ్గరి ధరతో లెక్కేసి సంబరపడిన వార్త, పడిపోయిన ధరతో లెక్కేసి వెనుదిరిగిన బిడ్డరు: ఈ రెండింటి మధ్య ఉన్నది ఏడాది చిల్లర మాత్రమే. వీటికి తోడు అది చీనాబ్ పరీవాహకం, హిమాలయ భూకంప ప్రాంతం, ఊళ్లున్న చోటు. లీజు వచ్చినా ఉపరితల భూమిని వేరుగా సంపాదించుకోవాలి.

వేలంలో గెలిచిన శాతాన్ని ఎలా చదవాలో కూడా చాలామందికి తెలియదు. ఛత్తీస్‌గఢ్ కోర్బా జిల్లాలోని కట్‌ఘోరా లిథియం, అరుదైన భూమూలకాల బ్లాకు ఇదే వేలంలో 76.05 శాతానికి వెళ్లింది. అంటే అక్కడి ఖనిజం విలువ 100 రూపాయలుగా లెక్కకొస్తే 76 రూపాయల 5 పైసలు ప్రీమియం. లిథియానికి రాయల్టీ 3 శాతం, అది వేరే. రాయల్టీలో పదోవంతు జిల్లా ఖనిజ నిధికి, ఇంకో కాస్త జాతీయ అన్వేషణ నిధికి. మొత్తం 79 రూపాయలు దాటుతుంది. మిగిలిన 20 రూపాయల చిల్లరలోంచే తవ్వాలి, నూరాలి, జీతాలివ్వాలి, వడ్డీ కట్టాలి.

మరి అంత ఎలా కోట్ చేస్తారు? రెండు కారణాలు. ఒకటి, గెలిచినవాడు తన సొంత ప్లాంటులో రసాయనంగా మార్చి అమ్ముకుంటే, ప్రీమియం పడేది ఖనిజం విలువ మీద, లాభం వచ్చేది ఆ పై మెట్టులో. రెండోది ముఖ్యం: కట్‌ఘోరా లాంటివి కాంపోజిట్ లైసెన్సులు, అంటే ముందు అన్వేషణ, ఆ తర్వాతే లీజు. ప్రీమియం ఖనిజం బయటికొచ్చిన రోజు నుంచే. అన్వేషణలో ఏమీ తేలకపోతే పోయేది ఆ ఖర్చు, పెట్టిన హామీ. కాబట్టి ఎక్కువ శాతం అన్నది నిక్షేపం గొప్పదనడానికి రుజువు కాదు. తక్కువ అడ్వాన్సుతో హక్కు పట్టి ఉంచుకోవడం కూడా కావచ్చు. 2020లో ఒడిశా ఇనుప ఖనిజం వేలాల్లో 100 శాతం దాటిన బిడ్లు వచ్చాయి. అవి నడుస్తున్న గనులు, వాటిలో చాలావాటిని తీసుకున్నవి సొంత ఉక్కు ప్లాంట్లున్న కంపెనీలు. వాళ్లకు ఖనిజం దొరకడమే లాభం. ఆ శాతాన్ని తెచ్చి ప్లాంటే లేని కంపెనీకి అన్వయించకూడదు.

ఇంకో మాట: కట్‌ఘోరాను గెలిచింది మైకీ సౌత్ మైనింగ్. అది స్టాక్ ఎక్స్ఛేంజీలో లేదు. నెలల తరబడి ఏ లిస్టెడ్ కంపెనీ గెలుస్తుందా అని పందేలు కాసినవాళ్లకు, జవాబు మార్కెట్ బయట దొరికింది. ఈ అవకాశాన్ని మీ ఊహలో ఎప్పుడూ ఒక గడిలో రాసి పెట్టుకోండి.

మరి రియాసిలాంటి దాన్ని ఎవరు చేపట్టగలరు? పేర్లు కాదు, రకాలు చూడండి. బాక్సైట్ ప్రధానం కాబట్టి అల్యూమినా శుద్ధి తెలిసిన లోహ కంపెనీ సహజమైన అభ్యర్థి. కానీ అలాంటి వాటి ప్లాంట్లు బాక్సైట్ గనులకు, ఓడరేవులకు దగ్గర ఉంటాయి, జమ్మూకు కాదు. బ్యాటరీ కంపెనీలు ఎక్కువగా గని కొనవు, సరుకు కొనుగోలు ఒప్పందం చేసుకుంటాయి. ప్రభుత్వ రంగ సంస్థ రావచ్చు: చట్టంలోని 17ఏ సెక్షన్ కింద ప్రభుత్వం వేలం లేకుండా ఒక ప్రాంతాన్ని తన కంపెనీకి కేటాయించగలదు. ఎవరూ రాని బ్లాకుల విషయంలో ఇది తోసిపుచ్చలేని దారి. అలా ఇస్తే అది దేశ అవసరం కోసం ఇచ్చే పని, వాటాదారుకు లాభం కోసం కాదు. ఆ షేరు దీనివల్ల పెరగాలని లేదు. కాబిల్ పేరు కూడా వినిపిస్తుంటుంది. ప్రభుత్వ రంగంలోని నాల్కో, హిందుస్థాన్ కాపర్, ఎంఈసీఎల్ కలిసి పెట్టిన ఆ సంస్థ పని విదేశాల్లో. 2024 జనవరిలో అర్జెంటీనాలోని కాటమార్కాలో 15,703 హెక్టార్ల ఉప్పునీటి లిథియం బ్లాకులు తీసుకుంది. రియాసికీ దానికీ సంబంధం లేదు.

ఎవరికి దక్కినా కాలం ఎంత పడుతుందో తెలియకుండా ధర కట్టలేం. ప్రిఫర్డ్ బిడ్డర్ అయ్యాక లెటర్ ఆఫ్ ఇంటెంట్, హామీ, కాంపోజిట్ లైసెన్సు. ఆపైన మూడేళ్ల అన్వేషణ, ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. జీ2 దాకా చేరాక లీజుకు దరఖాస్తు. గని ప్రణాళికకు ఐబీఎం (కేంద్ర గనుల బ్యూరో) ఆమోదం, పర్యావరణ అనుమతి, అడవి ఉంటే రెండు దశల అటవీ అనుమతి, కాలుష్య మండలి సమ్మతి, భూమి. అప్పుడు యాభై ఏళ్ల లీజు రాసిస్తారు. రాసిచ్చిన రెండేళ్లలో ఉత్పత్తి మొదలుపెట్టకపోతే లీజు రద్దయ్యే ప్రమాదం. ఏ మెట్టులోనూ తడబడకపోతే ఎనిమిది, పదేళ్లు. మనకు దగ్గరి ఉదాహరణ కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి బంగారం. అక్కడ జియోమైసూర్ సంస్థకు 2013లో మైనింగ్ లీజు వచ్చింది. అందులో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ లిస్టెడ్ కంపెనీ కాబట్టి మదుపరులు ఏటా "ఈ ఏడే ఉత్పత్తి" అని ఎదురుచూశారు. లీజు చేతికొచ్చాక కూడా పదేళ్లకు పైగా పట్టింది. అది గ్రేడు తెలిసిన బంగారం, తీసే పద్ధతి వందేళ్లుగా తెలిసినది. రియాసికి ఆ రెండూ లేవు.

ఎవరు తవ్వుతారన్న పందెంలో జనం మునిగినప్పుడు ఏం మరిచిపోతారో చెప్పడానికి బ్రె-ఎక్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇండోనేషియాలోని బూసాంగ్‌లో 7 కోట్ల ఔన్సుల బంగారం ఉందని ఆ కెనడా కంపెనీ చెప్పింది. 1996, 97ల్లో మార్కెట్ మొత్తానికి ఒకటే చర్చ: పెద్ద గనుల కంపెనీల్లో బారిక్ తీసుకుంటుందా, ప్లేసర్ డోమా, ఆ దేశాధ్యక్షుడు సుహార్తో కుటుంబం ఎవరి వైపు ఉంది? 1997 ఫిబ్రవరిలో ఫ్రీపోర్ట్ అనే మరో గనుల కంపెనీకి 15 శాతం వాటా అని తేలింది. ఫ్రీపోర్ట్ వెళ్లి పాత బోర్ల పక్కనే కొత్త బోర్లు వేసింది. బంగారం లేదు. మే నెలలో స్వతంత్ర తనిఖీ చేసిన స్ట్రాత్‌కోనా సంస్థ, నమూనాల్లో బంగారం కలిపారని తేల్చింది. ఆ కంపెనీ బోరులోంచి తీసిన రాతి కడ్డీని సగం దాచకుండా మొత్తం నూరేసేది. సగం దాచి ఉంచడం ఈ వృత్తిలో మామూలు పద్ధతి, తర్వాత ఎవరైనా సరిచూసుకోవడానికి. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. రియాసిలో మోసం లేదు, జీఎస్ఐ పని నిజాయితీగానే జరిగింది. పోలిక ఒక్కటే: "ఎవరు" అన్న ప్రశ్న "ఎంత" అన్న ప్రశ్నను మింగేసింది.

ఇప్పుడు షేరు వైపు. ఒక చిన్న కంపెనీ "లిథియంలోకి వెళుతోంది" అని టెలిగ్రామ్ గ్రూపులో సందేశం వస్తే ఇలా చూడండి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైటులో ఆ కంపెనీ ప్రకటనలు తెరవండి. సెబీ లిస్టింగ్ నిబంధన 30 కింద ముఖ్యమైన సంఘటనను కంపెనీ చెప్పి తీరాలి: బోర్డు మీటింగు నిర్ణయమైతే 30 నిమిషాల్లో (మీటింగు మార్కెట్ వేళలు దాటాక ముగిస్తే మూడు గంటల్లో), కంపెనీ లోపల జరిగిన ఇతర సంగతైతే 12 గంటల్లో, బయటినుంచి వచ్చినదైతే 24 గంటల్లో. వేలంలో గెలిచి, అది కంపెనీకి నిజంగా పెద్ద విషయమైతే, అది అక్కడ ఉండాలి. లేకపోతే గెలవలేదు, లేదా చెప్పుకోదగ్గది కాదు. పత్రికల్లో వచ్చే పుకారును కంపెనీ ధ్రువీకరించాలో ఖండించాలో తేల్చాలన్న నిబంధన మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకే ఉంది. చిన్న కంపెనీ మౌనంగా ఉంటే నియమం తప్పినట్టు కాదు. అందుకే పుకార్లన్నీ చిన్న షేర్ల చుట్టూనే అల్లుకుంటాయి.

ప్రకటనలో "అవగాహన ఒప్పందం", "ఆసక్తి వ్యక్తీకరణ", "అనుబంధ సంస్థ ఏర్పాటు" అని ఉంటే ఆగండి. అనుబంధ సంస్థ పెట్టడానికి లక్ష రూపాయల మూలధనం చాలు. కంపెనీ పేరులో కొత్తగా లిథియం, ఎనర్జీ, మినరల్స్ చేరితే, నిబంధన 45 ప్రకారం గత ఏడాది రాబడిలో కనీసం సగం ఆ కొత్త వ్యాపారం నుంచి రావాలి, లేదా ఆస్తుల్లో సగం దాని మీద పెట్టి ఉండాలి. అది ఎక్కడ తీరిందో వార్షిక నివేదికలో వెతకండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చే వాటాదారుల పట్టిక. ముఖ విలువలో రెండు లక్షల రూపాయల లోపు వాటా ఉన్న చిన్న మదుపరుల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, ప్రమోటర్ల వాటా తగ్గుతుంటే, ఎవరు అమ్ముతున్నారో ఎవరు కొంటున్నారో అక్కడే కనబడుతుంది. వార్తకు కాస్త ముందు ప్రమోటర్లకు వారంట్లు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కు, ఇచ్చారేమో కూడా చూడండి. వారంటుకు మొదట కట్టేది 25 శాతమే, మిగతాది 18 నెలల్లో కట్టొచ్చు.

సర్క్యూట్ల సంగతి, అంటే షేరు ఒక రోజులో పెరగడానికీ తగ్గడానికీ ఉన్న హద్దుల సంగతి, ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జీవితంలో కూడబెట్టిన డబ్బు పోయేది ఇక్కడే. 5 శాతం పరిమితి ఉన్న షేరు రోజూ అప్పర్ సర్క్యూట్ తాకుతుంటే మీకు కొనడానికి దొరకదు. దొరికిన రోజే అనుమానించాలి, ఎందుకంటే ఎవరో దించుతున్నారు. దిగడం మొదలయ్యాక లోయర్ సర్క్యూట్లో కొనేవాడు ఉండడు. మీ అమ్మకం ఆర్డరు వారాల తరబడి వరుసలో నిలబడుతుంది. ఎక్స్ఛేంజీ ఆ షేరును అదనపు నిఘాలో పెడితే పూర్తి మార్జిన్ కట్టాలి, పై దశల్లో డెలివరీకి మాత్రమే లావాదేవీ. స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మెయ్యమనే ఆర్డరు) పెట్టాం కదా అనుకుంటారు. కొనేవాడు లేనప్పుడు స్టాప్‌లాస్ కూడా అదే వరుసలో చేరుతుంది.

మన దగ్గర ఇలాంటి వార్త ఇంకొకటి నడిచింది. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లా దంచెర్ల, పెద్దవడుగూరు ప్రాంతాల్లోని సయనైట్ రాళ్లలో అరుదైన భూమూలకాలున్నాయని చెప్పారు. అది శాస్త్రపరంగా మంచి పని. కానీ రాయిలో మూలకాలు ఉన్నాయనడం వేరు, ఎన్ని టన్నులు, ఏ గ్రేడు, ఏ ఖనిజంలో అనడం వేరు. అక్కడ లోతు బోర్లు వేసి టన్నులు తేల్చేదాకా "ఎవరు తవ్వుతారు" అన్న ప్రశ్నే పుట్టలేదు. దానికి భిన్నంగా ఆంధ్రప్రదేశ్‌లోనే బాలేపాళెం టంగ్‌స్టన్ బ్లాకు కేంద్రం వేలంలోకి వచ్చి హిందుస్థాన్ జింక్‌కు దక్కింది. ఇక్కడ గెలిచినవారి పేరు ఉంది, కంపెనీ ప్రకటన ఉంది, ఏ రకం లైసెన్సో ఉంది. చర్చించడానికి కనీసం ఇన్ని ఉండాలి.

రియాసిని ఇంకా గమనించాలనుకుంటే ఈ వరుసలో చూడండి. ముందు జీఎస్ఐ అక్కడ మరిన్ని బోర్లు వేసి జీ2కి చేర్చిందన్న మాట. రెండోసారి రద్దయ్యాక అవసరమని తేలింది అదే. తర్వాత ఆ రాయి నుంచి లిథియం ఎంత శాతం రాబట్టగలిగారో చెప్పే శుద్ధి పరీక్ష ఫలితం. ప్రయోగశాలలో కిలోల్లో కాదు, పైలట్ ప్లాంటులో టన్నుల్లో. ఆపైన గనుల శాఖ కొత్త విడత జాబితా, ఆన్‌లైన్ వేలాలు జరిగే ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో దాని బ్లాకు సారాంశం: విస్తీర్ణం, టన్నులు, గ్రేడు, అడవి ఎంత, పట్టా భూమి ఎంత. పైలట్ పరీక్షలో వచ్చిన రాబడి శాతాన్ని, ఆమ్లం ఖర్చును, ఆ రోజు కార్బొనేట్ ధరను తీసుకుని పైన చేసిన లెక్కే మళ్లీ చేయండి. 3,400 టన్నుల అంకె పెరిగి ఉంటే ఫలితం మారుతుంది. పెరగకపోతే బిడ్డరు ఎవరైనా లెక్క అంతే.